నా నీళ్ళనే కాస్తావా?

ఆ ఊళ్ళో కొళాయి నీళ్ళ మీద ఎవరైనా నోరు జారితే, ఆ మాట ఫిల్టరక్క చెవిన పడకుండా చూసుకోవాలి. పడిందా, వాళ్ళకు మూడినట్టే. ఒకసారి వీధి చివరి కిరాణా కొట్టాయన "ఈ మధ్య నీళ్ళు కాస్త పచ్చగా వస్తున్నాయమ్మా" అని మాటవరసకు అన్నాడు. అంతే, ఆమె ఒంటికాలి మీద లేచింది. వాళ్ళ మేడ మీది ట్యాంకు ఎక్కి, మూత తీసి, లోపలి పాచి గుప్పెడు పట్టుకొచ్చి, బేరమాడుతున్న నలుగురి ముందూ గల్లాపెట్టె మీద పెట్టింది. "ఇదీ నీ పచ్చ. నా దగ్గర బయల్దేరినప్పుడు ఇది లేదు" అంది. ఆనాటి నుంచి ఆయన ఆమెతో లోకంలోని సంగతులన్నీ మాట్లాడతాడు గానీ నీళ్ళ జోలికి మాత్రం పోడు.

కోపం ఆమెకు ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపం భరించలేకే మొగుడు వెళ్ళిపోయాడని వీధిలో చెప్పుకుంటారు. కాదు, తనే వెళ్ళగొట్టానని ఆమె అంటుంది. ఏది నిజమైనా, ఆయనగారి ట్రంకుపెట్టె మెట్ల మీద దొర్లిన చప్పుడు మాత్రం వీధి వీధంతా విన్నది. తల్లి పోయేనాటికి చెల్లెలు ఇంకా పలకా బలపం పట్టుకుని తిరుగుతోంది. ఆ పిల్లకు జడలు వేసి, జ్వరాలకు మేలుకుని, పెళ్ళి చేసి పంపింది ఈవిడే. చెల్లెల్ని కూడా తిట్టేది. తిట్టినంతసేపు తిట్టి, ఆ పిల్ల కంచంలో ఇంకో గరిటె వడ్డించేది.

ఊరికి నీళ్ళు శుద్ధి చేసి పంపే ఫిల్టర్ హౌస్‌లో ఆమె మొదట బురద ఎత్తే కూలీగా చేరింది. నది నుంచి పైపుల్లో వచ్చే నీళ్ళు చూస్తే కాళ్ళు కడుక్కోవడానికి కూడా మనసొప్పదు. వాటిలో పటిక కలిపి పెద్ద తొట్ల గుండా మెల్లగా పోనిస్తే మట్టి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్ళను ఇసుక పరుపుల మీదికి వదులుతారు. అవి ఇసుకలోంచి ఇంకి, అడుగున తేటగా బయటికొచ్చి, క్లోరిన్ కలుపుకుని సంపులోకి చేరతాయి. అక్కడి నుంచి పంపులు ఊరికి నెడతాయి. ఏళ్ళ తరబడి ఆ తొట్ల అడుగున మోకాళ్ళ లోతు బురదలో నిలబడ్డ మనిషికి చివరికి ఇసుక పరుపులు అప్పగించారు. ఇసుక మురికి పట్టగానే కింది నుంచి నీళ్ళు ఎదురు కొట్టి కడగాలి. ఆ కడగడం ఆమె ఎవరికీ వదిలేది కాదు. ఇంట్లో గిన్నెలు ఒక పూట అలా ఉండిపోయినా ఊరుకునేది గానీ ఇసుక కడగకుండా మాత్రం ఇంటికొచ్చేది కాదు.

అక్కడ ఒక ఆచారం ఉండేది. ఏ రూల్సులోనూ రాసిలేదు. షిఫ్టు దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళ ఎదుట సంపు కొళాయి తిప్పి ఒక స్టీలు గ్లాసు నిండా పట్టి గటగటా తాగాలి. నేను శుద్ధి చేసింది నేనే తాగాను, ఇక నీ వంతు అని దానర్థం. ఆ గ్లాసు తాగేటప్పుడు ఆమె మొహం చూడాలి. సొంత బిడ్డకు మొదటి బహుమతి వచ్చినట్టు వెలిగిపోయేది.

ఆ ఏడు వేసవి ముందే ముదిరింది. నది పాయ సన్నబడి, నీళ్ళు తోడే బావికి అందకుండా అవతలి ఒడ్డుకు జరిగిపోయింది. దాంతో ఊరి వెనకాల ఉన్న పాత చెరువు నుంచి కాలువ తవ్వి నీళ్ళు మళ్ళించారు. ఆ వైపు పేటల మురుగంతా కలిసేది ఆ చెరువులోనే. ఈ సంగతి కాలువ తవ్వమన్నవాళ్ళకు తెలియక కాదు. సరిగ్గా అప్పుడే చెల్లెలికి నెలలు నిండాయి. ఫిల్టరక్క సెలవు పెట్టి, ఊరికి ఆ కొసన, పైపులైను ఆఖరైపోయే కాలనీలో చెల్లెలింట్లో మకాం పెట్టింది.

ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత మొహం, చెవులు రెండూ పెద్దమ్మవే. చెల్లెలికి పాలు చాలక, డాక్టరు పాలపొడి కలిపి పట్టమన్నాడు. ఒక పొద్దున చెల్లెలు వంటగదిలో నీళ్ళ గిన్నె స్టౌ మీద పెట్టడం చూసింది అక్క.

"ఏమే, అవెందుకు?"

"పాపకి పాలు కలపడానికక్కా. కాచి చల్లార్చమని నర్సు చెప్పింది."

"నర్సుకేం తెలుసు? ఫిల్టర్ హౌస్ మొహమెప్పుడైనా చూసిందా? నా నీళ్ళనే కాస్తావా?"

"అది కాదక్కా, పసిపిల్ల కదా అని..."

"నా చేత్తో శుద్ధి చేసిన నీళ్ళే తాగి పెరిగావు. నీకేమైంది? గుండ్రాయిలా ఉన్నావు. గ్యాస్ దండగ చెయ్యకు."

స్టౌ తనే కట్టేసింది. చెల్లెలు నవ్వేసి, కొళాయి కింద సీసా పట్టింది. అక్క మాట ఆ ఇంట్లో అంత చెల్లేది. చుట్టుపక్కల గుమ్మాల్లోనూ చెల్లింది. చంటిపిల్లల తల్లులు అడిగితే వాళ్ళందరికీ ఇదే చెప్పి, సెలవు అయిపోగానే ఆమె పనిలోకి వెళ్ళిపోయింది.

వెళ్ళేసరికి ఫిల్టర్ హౌస్‌లో ఒక వింత కనిపించింది. ప్రతివాడి సంచిలోనూ ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా ఉంది. "ఏంటర్రా ఇది? ఊరికి నీళ్ళు పంపేవాళ్ళు ఇంటి నుంచి నీళ్ళు మోసుకొస్తారా? రేపు వంటవాడు అన్నం క్యారేజీ పట్టుకుని పెళ్ళికెళ్తాడు" అని ఆటపట్టించింది. ఎవరూ నవ్వలేదు. పంపుల దగ్గర పనిచేసే పెద్దాయన్ని ఆమె మామా అంటుంది. ఆ పంపు మామ గొంతు సవరించుకుని మీటర్ల వైపు తిరిగాడు. షిఫ్టు గ్లాసు దగ్గర కూడా ఆయన నోటిదాకా ఎత్తి, అటు తిరిగి పూలకుండీలో వంచేస్తున్నట్టు ఆమెకు అనిపించింది. వయసు మీద పడింది, పళ్ళు జివ్వుమంటున్నాయేమోలే అనుకుంది. తను మాత్రం నిండు గ్లాసు తాగేది. క్లోరిన్ ఘాటు ముక్కు దాకా కొట్టేది. వేసవి కదా, ఎక్కువ వేస్తున్నారని సర్దిచెప్పుకుంది. ఇంత పాడు చెరువు నీళ్ళకు కూడా తన ఇసుక తట్టుకుంటోందని లోలోపల మురిసిపోయింది కూడా. చెప్పుకుంటేనే ఒళ్ళు మండుతుంది. చుట్టూ ఉన్న అందరికీ తెలిసిన విషయం ఆమెకొక్కదానికే తెలియదు.

ఒక మధ్యాహ్నం మరిది ఫోను చేశాడు. పాపకు విరేచనాలు, కళ్ళు గుంటలు పడ్డాయి, ఆసుపత్రిలో ఉన్నామన్నాడు. ఆమె చేతిలో పని చేతిలోనే వదిలేసి పరిగెత్తింది. పిల్లల వార్డులో మంచానికి ఇద్దరు చొప్పున ఉన్నారు. పాప ముంజేతికి సూది గుచ్చి, కదలకుండా అట్టముక్క కట్టారు. ఏడవడానికి కూడా ఆ ప్రాణికి ఓపిక లేదు. నోరు తెరిచేది, శబ్దం వచ్చేది కాదు.

"మీదీ ఆ చివరి కాలనీయేనా?" అంది నర్సు సెలైను సీసా మారుస్తూ. "ఈ వారమంతా అటువైపు పిల్లలే. ఏం తింటున్నారో, ఏం తాగుతున్నారో!"

ఫిల్టరక్క చుట్టూ చూసింది. పక్క మంచం మీద పిల్లాడి తల్లిని గుర్తుపట్టింది. ఆ తల్లి కూడా ఈమెను గుర్తుపట్టింది. తల తిప్పుకుంది.

పాప బట్టలు తీసుకురావడానికి ఆమె చెల్లెలింటికి వెళ్ళింది. బట్టల సంగతి తర్వాత, ముందు వంటగదిలోకెళ్ళి కొళాయి తిప్పింది. గ్లాసులో పట్టి ముక్కు దగ్గర పెట్టుకుంది. నీళ్ళు తేటగా ఉన్నాయి, ఏ వాసనా లేదు. ఇంకెవరైనా అయితే ఎంత మంచి నీళ్ళో అనుకునేవాళ్ళు. ఆమె మళ్ళీ ఒకసారి వాసన చూసింది. సంపు దగ్గర ముక్కు బద్దలయ్యేంత క్లోరిన్ ఇక్కడికి వచ్చేసరికి చుక్క కూడా మిగలలేదు. దారిలోనే అంతా తినేసే మురికి ఏదో ఆ నీళ్ళలో ఉండాలి. ఇసుకలోంచి దిగిన నీళ్ళలో అంత మురికి ఉండదు. ఇసుకలోంచి దిగని నీళ్ళు ఎక్కడినుంచో వచ్చి కలుస్తున్నాయి.

అలా కలపగలిగే చోటు ఒక్కటే ఉంది. తేరిన తొట్ల నుంచి ఇసుక మీదికి పోకుండా నేరుగా సంపులోకి పోయే బైపాస్ కాలువ. ఊరు అంటుకుంటే మంటలార్పడానికి నీళ్ళు కావాలని ఎప్పుడో కట్టారు. దాని ఇనుప చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసి ఉండేది. ఆ తాళం తుప్పు పట్టి ముద్దయిపోవడం ఆమె కళ్ళారా చూసింది. బట్టల మూట మరిది చేతిలో పెట్టి, ఆమె తిన్నగా తొట్ల వెనక్కి వెళ్ళింది. గొలుసు లేదు. చక్రం ఇరుసుకు కొత్త గ్రీజు పూసి ఉంది. కింద నీళ్ళు చప్పుడు చేసుకుంటూ పోతున్నాయి.

అరికాలి మంట నెత్తికెక్కింది. పంపు గదిలోకి వెళ్ళి పంపు మామ చొక్కా పట్టుకుంది.

"ఎప్పట్నుంచి మామా?"

ఆయన నీళ్ళు నమిలాడు. "నువ్వు సెలవులో ఉన్నప్పుడు తల్లీ. చెరువు నీళ్ళకి ఇసుక ఊరికే పూడిపోతోంది. కడుగుతూ కూర్చుంటే ఊరికి చాలట్లేదని సారు కొంచెం తియ్యమన్నారు. తర్వాత ఇంకొంచెం తియ్యమన్నారు."

"మీ ఇంట్లో?"

"కాచుకుంటున్నారు."

"మిగతావాళ్ళ ఇళ్ళల్లో?"

"అందరం ఇళ్ళకి చెప్పుకున్నాం తల్లీ. పెళ్ళాం బిడ్డలు కదా."

"మరి నాకు చెప్పడానికి నోరు పడిపోయిందా? నా చెల్లెలు పచ్చి బాలింతరాలని తెలీదా నీకు?"

పంపు మామ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "నీకు చెబితే ఊరందరికీ చెప్పేస్తావని సారు వద్దన్నారు."

ఆమె చొక్కా వదిలేసింది. చంప పగలగొడదామని ఎత్తిన చెయ్యి అలాగే దిగిపోయింది. ఇంతకాలం కలిసి పనిచేసిన మనుషులు తమ ఇళ్ళకు గుట్టుచప్పుడు కాకుండా చెప్పుకుని, ఎదురుగా ఆమె గ్లాసు గ్లాసు తాగుతుంటే చూస్తూ నిలబడ్డారు. వాళ్ళందరూ మంచివాళ్ళే. ఒకడు ఆమె జ్వరానికి మందు తెచ్చిచ్చాడు, ఒకడు చెల్లెలి పెళ్ళిలో కుర్చీలు మోశాడు. ఆ మంచితనాన్ని తలుచుకుంటే ఆమెకు మరీ మండింది.

ఫిల్టర్ హౌస్ పెద్ద అధికారికి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు ఫర్లేదు సారు. పంపు కాలిపోయిందంటే ఫర్లేదనేవాడు, కప్పు కారుతోందంటే ఫర్లేదనేవాడు. ఆమె చెప్పా పెట్టకుండా ఆయన గదిలోకి వెళ్ళింది. దారిలో సంపు కొళాయి దగ్గర పట్టిన గ్లాసు ఆయన బల్ల మీద పెట్టింది.

"తాగండి సార్."

ఆయన గ్లాసు వైపు, ఆమె వైపు చూశాడు. ఆమె అనుకున్నది వేరు. వెనకాడతాడు, దొరికిపోతాడు, నలుగుర్నీ పిలిచి చూపిద్దామనుకుంది. ఆయన తాపీగా గ్లాసు ఎత్తి, మొత్తం తాగి, జేబురుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"చూశావుగా. ఫర్లేదు."

ఆమె ఖాళీ గ్లాసు వెనక్కి తీసుకుంది. ఇక్కడ క్లోరిన్ నిండుగా ఉంది, ఆయనకేం కాదు. ఎన్ని గ్లాసులైనా తాగుతాడు. తను పొద్దూ మాపూ గొప్పగా తాగిన ఆ గ్లాసుతో ఊరి చివరి పసిపిల్లకు ఒరిగేదేమీ లేదని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. తెలిసొచ్చాక కోపం రెట్టింపయింది.

"ఆ చివర పిల్లలు పడిపోతున్నారు సార్. వార్డు నిండిపోయింది."

"మీ పాపకి బాలేదని విన్నానమ్మా. పాపం. ఇంట్లో కాచుకోమని చెప్పు, ఎవరొద్దన్నారు?"

"ఊరికెవరు చెబుతారు?"

"చూడమ్మా, కూర్చో. బైపాస్ మూసేస్తే ఊరికి సగం నీళ్ళే. కొళాయి ఎండితే బిందెలు పట్టుకుని నా ఆఫీసు మీదికొస్తారు, అద్దాలు పగలగొడతారు. నీళ్ళు వస్తున్నంతసేపూ ఎవడూ రాడు. వచ్చే నీళ్ళలో ఏముందో కంటికి కనబడదు కదా. వానలు పడితే అంతా సర్దుకుంటుంది. నాలుగు రోజులు ఓపిక పట్టు."

"కనబడేట్టు చేస్తాను" అంది ఆమె. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకపోవడం చూసి వాకిట్లో నిలబడ్డ బంట్రోతు పక్కకు తప్పుకున్నాడు.

ఆవరణలో నీళ్ళ శాఖవాళ్ళ మైకు ఆటో ఉంది. మరమ్మతుల కారణంగా రేపు నీళ్ళు రావు, సహకరించగలరు అని ఊరంతా తిరిగి చెప్పే ఆటో అది. డ్రైవరు వెనక సీట్లో కాళ్ళు చాపుకుని పడుకున్నాడు.

"లే తమ్ముడూ, ఊళ్ళోకి పోవాలి."

"ఆర్డరుందా అక్కా?"

"మీ ఇల్లెక్కడ?"

"చివరి కాలనీకి ఇవతలే. ఏం?"

"ఇంట్లో నీళ్ళు కాస్తున్నారా?"

"ఎందుకు కాస్తాం? మన నీళ్ళేగా."

కాంట్రాక్టు డ్రైవరు కాబట్టి అతనికి కూడా ఎవరూ చెప్పలేదు. ఆమె విషయం చెబుతుండగానే అతను లేచి నిలబడ్డాడు. ఆర్డరు మాట మళ్ళీ ఎత్తలేదు. ముందు ఇంటికి ఫోను చేసి, తర్వాత ఇంజను స్టార్ట్ చేశాడు.

మైకు పట్టుకోవడం ఆమెకు అదే మొదలు. మొదట్లో గొంతు గీరుకుపోయింది. తర్వాత దారికొచ్చింది. "నేను ఫిల్టర్ హౌస్ నుంచి మాట్లాడుతున్నాను. మీ కొళాయిలో వచ్చే నీళ్ళు పూర్తిగా శుద్ధి కాలేదు. ఇసుకలోంచి దింపకుండా కలిపి పంపిస్తున్నారు. కాచి తాగండి. పసిపిల్లలకి కాచకుండా చుక్క కూడా పట్టకండి. కాచక్కర్లేదని నేనే చెప్పాను. నేను చెప్పింది తప్పు. కాచి తాగండి. ఎందుకిలా పంపుతున్నారో ఫిల్టర్ హౌస్‌కి వెళ్ళి పెద్ద సారుని అడగండి. లోపలే ఉన్నారు."

వీధి వెంట వీధి తలుపులు తెరుచుకున్నాయి. కొందరు ఆటో వెనక నడిచారు, కొందరు బిందెలతో సహా ఫిల్టర్ హౌస్ దారి పట్టారు. కిరాణా కొట్టాయన అరుగు మీద నిలబడి విన్నాడు. ఆమెను దెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు, అయినా ఏమీ అనకుండా కొట్టు కట్టేసి వాళ్ళ వెనక నడిచాడు. చివరి కాలనీలో మాత్రం వేరుగా జరిగింది. పక్క మంచం పిల్లాడి అమ్మమ్మ ఇంట్లోంచి బకెట్టు తెచ్చి, అందులో నీళ్ళు మొత్తం ఆమె మొహాన కొట్టింది.

"నువ్వు చెప్పావనే కదే పట్టాం! పెద్ద తెలిసినదానివని కదే!"

డ్రైవరు అడ్డం రాబోతే ఆమె వద్దంది. మైకు తడవలేదు కదా అని చూసుకుని, అదే గుమ్మం ముందు నిలబడి ఆ మాటలన్నీ మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. ఆమె కోపం ఆ ముసలామె మీద కాదు. తన నోటితో ఇన్ని ఇళ్ళకు అబద్ధం చెప్పించినవాళ్ళు ఫ్యాను కింద కూర్చుని ఉన్నారు.

ఫర్లేదు సారు అన్నట్టే అద్దాలు పగిలాయి. ఆయన భయపడ్డ పని జరిగాకగానీ చెయ్యాల్సిన పని జరగలేదు. బైపాస్ మూసి కొత్త తాళం వేశారు. సగం నీళ్ళే వచ్చాయి, వీధుల్లో ట్యాంకర్ల దగ్గర జుట్లు పట్టుకున్నారు, అయినా పిల్లల వార్డు మెల్లగా ఖాళీ అయింది. పక్క మంచం పిల్లాడు ఇంటికి రాలేదు. ఆ సంగతి ఏ మైకులోనూ ఎవరూ చెప్పలేదు. సారును ఇంకో ఊరికి బదిలీ చేశారు. అక్కడ కూడా ఫర్లేదనే అంటూ ఉండి ఉంటాడు. అనుమతి లేకుండా మైకు వాడినందుకు ఫిల్టరక్కను ఇసుక పరుపుల దగ్గర్నుంచి తీసేసి, చెరువు గట్టున కాలువ మొదట్లోని ఇనుప జాలీకి అడ్డం పడే నాచు గీకే పనికి వేశారు. గీకుతూ ఆమె తిట్టే తిట్లకు గట్టున పశువులు కాసేవాళ్ళు కూడా చెవులు మూసుకునేవాళ్ళు.

వానలు పడ్డాయి. నది మళ్ళీ బావికి అందింది, చెరువు కాలువ కట్టేశారు. ఫిల్టర్ హౌస్‌లో పాత ఇసుక ఎత్తిపోసి కొత్త ఇసుక పరిచారు. ఒక ఆదివారం ఆమె చెల్లెలింటికి వెళ్ళింది. పాప బొద్దుగా తేరుకుని, పెద్దమ్మ గాజులు పట్టుకుని లాగింది. ఆమె పాపను చంకనేసుకునే వంటగదిలో కొళాయి తిప్పి గ్లాసు పట్టింది. వాసన చూసింది. సన్నగా, సరిగ్గా ఉండాల్సినంత క్లోరిన్ వాసన ఊరి చివర దాకా వచ్చింది. చాలా రోజులకు ఆమె మొహం విప్పారింది.

"చెల్లీ, ఇలా రా. వాసన చూడు. ఇప్పుడు నిజంగా బాగున్నాయి, నేను చూశాను. ఇక కాచక్కర్లేదు."

చెల్లెలు పాల సీసా కడుగుతోంది. గ్లాసు అందుకుని వాసన చూసింది, తలూపింది. తర్వాత ఆ నీళ్ళు గిన్నెలో పోసి స్టౌ వెలిగించింది.

"నామీద నమ్మకం లేదా?" అంది అక్క. గొంతు లేవబోయి మధ్యలోనే ఆగింది.

"నువ్వు అబద్ధం చెబుతావని కాదక్కా" అంది చెల్లెలు, ఆమె వైపు తిరక్కుండానే. "నీకు ఎవరూ చెప్పరు కదా."

ఫిల్టరక్కకు తిట్టాలనిపించింది. ఎవరిని తిట్టాలో వాళ్ళెవరూ ఆ వంటగదిలో లేరు. పాపను ఇంకో చంకకు మార్చుకుని అక్కడే నిలబడింది. గిన్నెలో నీళ్ళు తెర్లాయి. చెల్లెలు వెంటనే దించలేదు, ఇంకాసేపు మరగనిచ్చింది.